ఆఫ్రికా సారు ముక్కు మీది రంగు

మొన్న మంగళవారం నాకొక పోస్టుకార్డు వచ్చింది. తిప్పి చూశాను. దాని మీద దేశం పేరు లేదు. అప్పుడే ఏదో అయిందనుకున్నాను.

ఏడేళ్లుగా ఆదిలాబాద్ జిల్లా నుంచి మా చిన్ననాటి భూగోళం సారు నాకు రాసిన ప్రతి కార్డు మీదా మొట్టమొదట ఒక దేశం పేరుండేది. "టాంగనికా. పసుపు దొరికితే మంచిది." అంతే కార్డు. బాగున్నావా అని అడగాలనిపిస్తే అది అంచున, చిన్నగా, అడ్డంగా రాసేవారు. ఈ కార్డు వేరే చేతిరాత. ఆయన భార్య చెబుతుంటే అక్కడి బడిపిల్ల ఎవరో రాసిపెట్టింది. "సారు పోయిన ఆదివారం కాలం జేసిండు. మూడు రోజులు జెరం వచ్చింది. మీకు రాయుమని అమ్మ చెప్పింది. సారు మాకు గూడ రంగులు కలుపుడు నేర్పిండు."

కాసేపు ఏడ్చాను. తర్వాత, అబద్ధం ఎందుకు, నవ్వొచ్చింది. ఆయన్ని తలుచుకుంటే ముందు గుర్తొచ్చేది ఆయన ముక్కు మరి.

సారుకు ఆలోచన వస్తే ముక్కు రుద్దుకునే అలవాటు. ఆయనకు ఆలోచన రాని క్షణం ఉండేది కాదు. చేతికి ఎప్పుడూ రంగు ఉండేది. అందుకని సిరిసిల్లలో మా బడి పిల్లలం పొద్దున్నే సారు ముక్కు చూసి లోకం సంగతులు తెలుసుకునేవాళ్లం. ముక్కు నీలంగా ఉందంటే నిన్న సాయంత్రం ఆఫ్రికాలో ఒక దేశం నీలంగా స్వతంత్రమైందన్నమాట. ఊళ్లో ఆయన అసలు పేరు పోస్ట్‌మ్యాన్‌కు తప్ప ఎవరికీ పట్టేది కాదు. అందరికీ ఆఫ్రికా సారే.

మా బడిలో ప్రపంచ పటం ఒకటుండేది. నిజాం కాలంనాటిది. పేర్లన్నీ ఉర్దూలో ఉండేవి. ఆఫ్రికా నడిమధ్యన చెదలు తిని రొట్టెంత బొక్క. ఆ బొక్కలోంచి వెనక గోడ కనబడేది. "బొక్కను చూపిచ్చి పాఠం జెప్పుడు నాతోని గాదు," అని సారు ఒక ఎండాకాలం సెలవులంతా బల్ల మీద బెంచీ, బెంచీ మీద ఆయనా ఎక్కి, బడి వెనక గోడ నిండా ప్రపంచం వేశారు. మిగతా ఖండాలు ఒక్కసారే వేశారు. ఆఫ్రికా మాత్రం ఆయనకు ఎన్నడూ పూర్తి కాలేదు. ఏ దేశం స్వతంత్రమైతే ఆ దేశానికి కొత్త రంగు వేయాలని ఆయన పెట్టుకున్న నేమం. ఘనాతో మొదలుపెట్టారు. నేను ఏడో తరగతికి వచ్చిన ఏడు చూడాలి, ఆ ఖండంలో వరసపెట్టి దేశాలు విడుదలవుతుంటే బల్ల మీంచి బెంచీ దించే తీరికే లేకపోయింది. పంచాయతీ రేడియోలో వార్త విన్న మనిషి అటునుంచి అటే గోడ దగ్గరికి పరుగెత్తేవారు. దేశం దొరక్కపోతే తల గోక్కుని, "దునియా పెద్దది బిడ్డా, గోడ చిన్నది," అనేవారు.

రంగులు కొనేవారు కాదు. మాది సాలోళ్ల ఊరు, ఇంటికో మగ్గం. నూలుకు రంగులద్దే ఇళ్లలో బానల అడుగున మిగిలిన మడ్డి రంగు అడిగి తెచ్చుకునేవారు. అందులో పడుగుకు పెట్టే గంజి కలిపితే గోడకు పట్టుకుంటుందని ఆయనే కనిపెట్టారు. కాబట్టి ఏ దేశం ఏ రంగులో ఉండాలన్నది ఆ వారం మా వాడలో ఏ చీరలు నేస్తున్నారన్న దాన్ని బట్టి ఉండేది.

"సారూ, ఘనా ఎందుకు ఎర్రగున్నది?"

"గా వారం పెండ్లిళ్లు శానున్నయి బిడ్డా. అన్నీ ఎర్ర చీరెలే."

గంజి సంగతి ఆయన ఒక్కరే కనిపెట్టలేదు. మా బడి చప్రాసి మేక కూడా కనిపెట్టింది. టోగో దేశం సన్నగా, నిలువుగా, సరిగ్గా బల్ల ఎక్కిన మేక నాలుకకు అందే ఎత్తులో ఉంటుంది. ఒకరోజు పొద్దున బడికి వచ్చేసరికి టోగో లేదు. సున్నం గోడ తెల్లగా మెరుస్తోంది. మేక మూతి పచ్చగా ఉంది. సారు నడుమ్మీద చేతులు పెట్టుకుని నిలబడ్డారు.

"నిన్న పొద్దుమీకి స్వతంత్రం ఇచ్చిన. ఇయ్యాల తెల్లారెవరకు మేక తిన్నది! గిదేం దునియారా భయ్!"

ఆ ఏడు టోగోకు మూడుసార్లు స్వతంత్రం వచ్చింది. నాలుగోసారి రాకుండా ఆపినవాడి సంగతి తర్వాత చెబుతాను.

సారు అక్షరాలన్నీ వెనక్కి వాలి ఉండేవి. గోడ మీద దేశాల పేర్లు చూస్తే ఎదురుగాలికి నడుస్తున్న మనుషుల్లా ఉండేవి. కారణం ఉంది. ఆయన చదువంతా ఉర్దూలో. తెలుగు ఇంట్లో మాట్లాడింది తప్ప బడిలో చదివింది లేదు. పోలీస్ యాక్షన్ తర్వాత బళ్లు తెలుగులోకి మారినప్పుడు, అప్పటికే పంతులైన మనిషి, పిల్లల కంటే ఒక పేజీ ముందు ఉండేటట్టు ఓనమాలు దిద్దుకున్నారు. కుడి నుంచి ఎడమకు రాసిన చెయ్యి ఎడమ నుంచి కుడికి మళ్లింది గానీ వాలు మాత్రం పాతదే మిగిలింది. ఉర్దూ అంటే కోపమా సారూ అని ఒకసారి అడిగాను.

"కోపమెందుకే? తియ్యటి జబాన్. నా మీద దానికేం దుష్మనీ లేదు. గని మా అవ్వ మాటను చెప్పులతోని పాటు బడి బయట ఇడిసి రమ్మన్నరు చూడు, కోపం గా మాట మీద. సాయంత్రం బయటికొస్తే చెప్పులు దొరికినయి. మాట దొరుకుతందుకు ఇరవై ఏండ్లు పట్టింది."

మా భూగోళం పుస్తకంలో ఆఫ్రికా పాఠం ఒకటిన్నర పేజీ. మొదటి రెండు వాక్యాల్లోనే అది చీకటి ఖండమనీ, అక్కడి వాళ్లకు చదువు, కళ, చరిత్ర ఏవీ లేవనీ ఉండేది. సారు ఆ పాఠం మొదలుపెట్టిన రోజు నాకు బాగా గుర్తు. పుస్తకం తెరిచారు, ముక్కు రుద్దుకున్నారు, మూశారు.

"అందరు సిరాబుడ్లు తీయుండ్రి. మొదటి రెండు లైన్లు కొట్టేయుండ్రి."

పుస్తకం మీద గీత గీస్తే వీపు విమానం మోత మోగించే కాలం అది. మేం భయం భయంగా సన్నటి గీత గీశాం. ఆయన బెంచీల మధ్య తిరుగుతూ వంగి చూసి, "గట్ల గాదు. జర గూడ కనబడొద్దు!" అన్నారు. మాకు అంతకంటే ఏం కావాలి! పుస్తకాన్ని పాడుచేయమని సర్కారు పంతులు చెబితే ఏ పిల్ల వెనకాడుతుంది? అవతలి పేజీకి సిరా దిగేదాకా పూశాం.

తర్వాత కరీంనగర్ లైబ్రరీలో ఇంగ్లీషు పత్రికలు చూసి చిన్న నోటుబుక్కులో ఎక్కించుకొచ్చిన సంగతులు చెప్పేవారు. అక్కడ డోళ్లతో ఊరి నుంచి ఊరికి కబురు పంపుతారట. రాజుల తరాలన్నీ నోటితోనే పాడే కులం ఒకటి ఉందట. ఇన్నాళ్లూ తెల్లదొరల పాటలు బట్టీ పట్టించిన బళ్లలో ఇప్పుడు సొంత కథలు, సొంత ఆటలు నేర్పుతున్నారట. "జెండా ఒక్క రోజుల ఎక్కుతది," అనేవారు సారు. "నోట్లె మాట తిరిగి రావాల్నంటే బడి గావాలె, పాట గావాలె. అది జర లేటైతది." ఒకసారి పాత పత్రికలోంచి ఒక బొమ్మ తెచ్చారు. ఘనాలో పెద్దమనుషులు స్వతంత్రం వచ్చిన సంబరంలో సూట్లు పక్కన పెట్టి తమ మగ్గాల బట్టలు కట్టుకుని నవ్వుతున్న బొమ్మ. సాలోళ్ల పిల్లనని అది నాకిచ్చారు. మా బాపుకు చూపించాను. బాపు దాన్ని వెలుతురుకు పెట్టి, కళ్లు చిట్లించి, మనుషుల మొహాలు వదిలేసి బట్టనే చూశాడు. "పట్టీ పట్టీ నేసి కుట్టిండ్రు. జేనెడు మగ్గం మీద నేసినట్టుంది. అబ్బ, ఏం చెయ్యే ఇది!" అన్నాడు. అన్నం గంజితో దాన్ని మగ్గం గుంజకు అంటించుకున్నాడు.

ఇక బొమ్మల పటం రోజు. మా కులకథ చెప్పేవాళ్లను కూనపులివాళ్లు అంటారు. ఏడాదికో రెండేళ్లకో మా వాడకు వచ్చి, బారెడు వెడల్పు, ఇంటి పొడుగు ఉండే బొమ్మల బట్టను వేలాడదీసి, మా మూలపురుషుడు తామరనూలుతో దేవతలకు బట్ట నేసిన కథ పాడతారు. పాడి కట్నం అడగడం వాళ్ల హక్కు, ఇవ్వడం మా ధర్మం. ఆ ఏడు వచ్చిన ముసలి తాతను సారు నేరుగా బడికి పట్టుకొచ్చారు. ఆఫ్రికా పక్కనే మేకు కొట్టి పటం వేలాడదీశారు. తాళం, మద్దెల మొదలయ్యాయి. పెద్దసారు, అంటే మా హెడ్మాస్టరు, పంచె ఎత్తిపట్టుకుని పరుగెత్తుకొచ్చారు.

"ఏందయ్యా ఇది? బడా, జాతరా?"

"భూగోళం క్లాసు సార్."

"మద్దెలతోనా భూగోళం?"

"చరిత్ర పుస్తకాలల్లనే ఉంటదని మన పోరలు అనుకుంటుండ్రు సార్. గీయన పుస్తకం బట్ట మీదున్నది, నోట్లెనున్నది. ఒక్క అరగంట కూసోండ్రి. నచ్చకపోతె నన్ను బయటికి పంపుండ్రి."

పెద్దసారు నిలబడే విన్నారు. కాసేపటికి బెంచీ అంచున కూర్చున్నారు. బడి గంట కొట్టాల్సిన చప్రాసి కూడా కూర్చునే ఉన్నాడు కాబట్టి ఆ రోజు గంట మోగలేదు. నాకైతే ఒళ్లంతా పులకరించింది. మా వాడలో ఎప్పుడూ వినే కథే అది, కానీ బడిలో వినడం అదే మొదలు. మా ఇంటి సంగతి కూడా చదువేనని నాకు ఆ రోజే తెలిసింది.

కథ ముగిశాక తాత గోడ దగ్గరికి పోయి ఆఫ్రికాను గోటితో గీకి, నాలుక మీద పెట్టుకుని చూశాడు. "సారూ, వట్టి గంజేనా? మేకలు నాకుతయి గద!" అన్నాడు. మేమంతా గొల్లుమన్నాం. "బొమ్మలేసే నకాషోళ్లు గిండ్ల బంక కలుపుతరు. మీరు ఏపబంక ఏసి చూడుండ్రి. చేదుకు మేక గాదు, పురుగు గూడ రాదు." టోగోకు శాశ్వత స్వాతంత్ర్యం ఇచ్చింది ఆ తాతే.

ఇంతవరకు ఆటే. అసలు పరీక్ష ఏడో తరగతి పరీక్షతో వచ్చింది. మా ఇంట్లో బాపు ఎప్పుడో తేల్చి చెప్పాడు. పాసైతే హైస్కూలు, తప్పితే అవ్వ పక్కన కూర్చుని నూలు కండెలు చుట్టుడు. అవ్వకు చరఖా తిప్పీ తిప్పీ కుడిభుజం పైకి లేవదు. నాకు కండెలంటే భయం లేదు గానీ, గోడ మీద దేశాలు ఇంకా సగం మిగిలి ఉండగా ఇంట్లో కూర్చోవడమంటే ఏడుపొచ్చేది.

సాంఘికం పరీక్ష ముందురోజు సాయంత్రం సారు మా ఇంటికి వచ్చారు. మొదటిసారి ఆయన ముక్కుకు ఏ రంగూ లేదు. బాపు మగ్గం గుంతలో కూర్చుని నేస్తున్నాడు.

"బిడ్డా," అన్నారు సారు, నా వైపు చూడకుండా, "రేపు చీకటి ఖండం ప్రశ్న వస్తదంటుండ్రు. వస్తే... పుస్తకంల ఉన్నట్టే రాయి."

"పుస్తకంల సిరా ఉంది సారూ," అన్నాను.

నిజమే. మా తరగతిలో ఒక్కరి పుస్తకంలోనూ ఆ రెండు వాక్యాలు లేవు. సారు పొద్దుటి నుంచీ కొట్టేయని పుస్తకం కోసం ఊరంతా తిరిగారట. అక్కల, అన్నల పాత పుస్తకాలు కూడా మేం వదిలిపెట్టలేదు. అన్నిటికంటే దట్టంగా కొట్టేసింది ఆయన పుస్తకమే.

"ఏముందట సారూ అండ్ల?" అని గుంతలోంచి అడిగాడు బాపు.

సారు గుర్తుతెచ్చుకోబోయారు. "చీకటి ఖండం... అక్కడి జనానికి చదువు లేదు... కళ..." నోరు తిరగలేదు. మళ్లీ మొదలుపెట్టారు. మళ్లీ 'కళ' దగ్గరే ఆగారు. బాపు నేత ఆపాడు. మగ్గం చప్పుడు ఆగితే మా ఇల్లు ఎవరిదో ఇల్లులా ఉంటుంది. బాపు చెయ్యెత్తి గుంజకు అంటించిన బొమ్మ చూపించాడు.

"మరి గీ బట్ట ఎవరు నేసిండ్రు సారూ?"

సారు వంగి, తాను తెచ్చిన ఆ బొమ్మనే చూశారు.

"నేను ముప్పై ఏండ్లసంది నేస్తున్న. గసొంటి పని నాకు రాదు. గా చెయ్యికి కళ లేదని నా బిడ్డ రాస్తదా?" అని నా వైపు తిరిగాడు. "రాయకు బిడ్డా." ఆగి, గట్టిగా అన్నాడు: "గని పాస్ గావాలె. నిజం గూడ రాయాలె, పాస్ గూడ గావాలె. సారూ, మీరు చాయ తాగుండ్రి."

సారు చాయ తాగారు. గ్లాసు కింద పెట్టారు. "నా పాఠం నాకే చెప్తున్నవే అన్నా," అన్నారు బాపుతో. అంత ధైర్యస్తుడు మా కోసం ఒక్క సాయంత్రం భయపడ్డాడని తెలిసినప్పటి నుంచే ఆయన మీద నాకు ప్రేమ ఎక్కువైంది.

ప్రశ్న వచ్చింది. "ఆఫ్రికాను చీకటి ఖండం అని ఎందుకందురు?" నేను పైన దేవుడి పేరు రాసి, కింద ఇలా మొదలుపెట్టాను: "అయ్యా, ఈ మాట మా పుస్తకాల్లో కొట్టేసినాము. కారణములు ఇవి." డోళ్లు రాశాను, కథలు పాడే కులం రాశాను, పట్టీలు కుట్టిన బట్ట రాశాను. కాగితం చాలక అదనంగా ఇంకొకటి అడిగాను. బయటికొచ్చి చూస్తే అందరూ తలా ఒక తీరుగా అదే పని చేశారు. ఒకమ్మాయైతే మేక కథ కూడా రాసింది.

మా పేపర్లు దిద్దిన మహానుభావుడెవరో ఇప్పటికీ తెలియదు. సాంఘికంలో గీటు మీద పాసయ్యాను. మా తరగతిలో తప్పినవాళ్లు లెక్కల్లో తప్పారు గానీ ఆఫ్రికాలో ఎవరూ తప్పలేదు. బాపు మార్కుల కాగితాన్ని బట్ట చూసినట్టే వెలుతురుకు పట్టి చూసి, "సరే, పో," అన్నాడు. హైస్కూలుకు.

నెల తిరక్కుండా సారుకు కాగితం వచ్చింది. ఒక బడి పిల్లలంతా పుస్తకంలో లేనిది ఎట్లా రాశారని పైవాళ్లు అడిగారు. ఆయన దాచలేదు, తానే చెప్పానని రాసిచ్చారు. ఆదిలాబాద్ జిల్లాలో ఉట్నూరు దిక్కు, బస్సు దిగి ఇంకా నడవాల్సిన ఊరికి బదిలీ చేశారు. నేను బస్సు దగ్గర ఏడుస్తుంటే ఆయన నవ్వారు.

"ఫికర్ జెయ్యకే. ఆఫ్రికా అంత దూరమైతె గాదు గద!" అని తన కుంచె నా చేతిలో పెట్టారు. "గోడ నీది. ఏపబంక మరువకు."

అప్పటి నుంచి కార్డులు. జాంబియా, గాంబియా, బోత్స్వానా. ఆదివారాలు చప్రాసిని బతిమాలి బడి తెరిపించుకుని, బెంచీ ఎక్కి వేసేదాన్ని. ఒక కార్డు అంచున ఇలా ఉంది: "ఇక్కడి పిల్లలు గోండు మాట్లాడుతరు. చెప్పుల దగ్గర ఇడిసి రాకుండ్రి అని చెప్పిన. వాళ్లే నాకు నేర్పుతుండ్రు. నేను రోజు ఫెయిలైతున్న." గోండుల దండారి ఆటకు నెమలీకల టోపీలు పెట్టుకుని ఆడే గుస్సాడీలు వచ్చినప్పుడు వాళ్ల పాటతోనే వానల పాఠం చెప్పానని ఇంకో కార్డులో రాశారు. పైవాళ్లు ఇంకెక్కడికి బదిలీ చేస్తారు, ఆ తర్వాత అడవే.

పోయినేడు నేను ఇదే బడిలో టీచరునయ్యాను. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. మంగళవారం కార్డు వచ్చింది. శుక్రవారం రేడియోలో స్వాజీలాండ్ స్వతంత్రమైందన్నారు. కార్డు రాదని తెలిసీ శనివారమంతా పోస్ట్‌మ్యాన్ కోసం చూశాను. సోమవారం ఏడో తరగతి పిల్లలందరినీ గోడ దగ్గరికి తీసుకుపోయాను. ఇన్నేళ్ల పూతలకు ఆఫ్రికా గోడ మీంచి ఉబ్బి ఉంది, చెయ్యి పెడితే తెలుస్తుంది. స్వాజీలాండ్ కందిగింజంత ఉంటుంది. ఈ వారం మా వాడలో వంకాయరంగు చీరలు. గంజి, వేపబంక కలిపి, ఒక్క చుక్క పెట్టాను. వెనక్కి వచ్చి చూసుకుంటూ ముక్కు రుద్దుకున్నాను. పిల్లలు నవ్వడం మొదలుపెట్టారు. ఎందుకో నాకు వెంటనే తెలియలేదు.

"టీచర్," అంది ముందు నిలబడ్డ పిల్ల, "గీ దేశం పుస్తకంల లేదు. పుస్తకంల చీకటి ఖండం అనే ఉన్నది. పరీక్షల వస్తే ఏం రాయాలె?"

పుస్తకం అట్ట మారింది, ఆ రెండు వాక్యాలు మారలేదు. నా ఉద్యోగం గుర్తొచ్చింది, ఉట్నూరు బస్సు గుర్తొచ్చింది, మగ్గం ఆగిన మా ఇల్లు గుర్తొచ్చింది.

"లోపలికి పాండ్రి," అన్నాను. "అందరు సిరాబుడ్లు తీయుండ్రి."

మూతలు తీసిన చప్పుడు అయింది. వెనక బెంచీలో ఒక పిల్ల లేచి నిలబడింది.

"టీచర్, సన్నగ గీత గీస్తె సాలునా?"

"సాలదు," అన్నాను. "జర గూడ కనబడొద్దు."